హైదరాబాదుకు ఇందరు పోలీసు కమిషనర్లు ఎందుకు? కొత్వాలీ కాలం నుంచి నేటి వరకు

ప్రశ్న: నాచారం పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. మా కాలనీ గ్రంథాలయంలో నెలకొకసారి నగర చరిత్ర మీద ఒక చిన్న ప్రసంగం పెట్టుకుంటున్నాము. చెరువులు, దర్వాజాలు, రైల్వేలు అయిపోయాయి. ఈసారి పోలీసు శాఖ గురించి చెప్పే బాధ్యత నా మీద పడింది. సులువుగా తేలిపోతుందనుకున్న విషయం చదివే కొద్దీ చిక్కుముడిగా మారింది. తార్నాక కూడలి నుంచి నాచారం వైపు వస్తుంటే రోడ్డు అదే, బస్సు అదే, ఇంటి పన్ను కట్టించుకునే నగరపాలక సంస్థ కూడా అదే, కాని పోలీసు కమిషనర్ మాత్రం వేరు. ఇది మొదటి నుంచీ ఇలాగే ఉందా, లేక ఐటీ కంపెనీలు వచ్చాక జరిగిన మార్పా?

నిజాం కాలంలో కొత్వాలు ఒక్కడే నగరమంతా చూసుకునేవాడని పెద్దలు చెప్పగా విన్నాను. అది ఎంతవరకు నిజమో తెలిసినవారు చెప్పగలరు. అలాగే జిల్లాకు ఎస్పీ ఉన్నట్టే నగరానికి కమిషనర్ అనుకుంటే సరిపోతుందా, లేక అధికారాల్లో కూడా తేడా ఉందా? కమిషనర్ కింద జోన్లు, డివిజన్లు, టాస్క్‌ఫోర్స్, సీసీఎస్ అని రోజూ పత్రికల్లో చదువుతుంటాము గాని, వాటిలో ఏది దేనికి లోబడి పనిచేస్తుందో మా శ్రోతల్లో చాలామందికి తెలియదు. కొంచెం వివరంగా రాస్తే కృతజ్ఞుణ్ణి.

సమాధానం: దర్వాజాల చరిత్ర

నాచారం పాఠకుడు గారికి నమస్కారం. పూర్వం నగరానికంతటికీ ఒకే పోలీసు ఉండేదని, అది ఈ మధ్యనే ముక్కలైందని మీరు అనుకుంటున్నట్టు తోస్తున్నది. నా అభిప్రాయంలో ఈ నగరం ఒకే పోలీసు అధికారి కింద నడిచిన కాలమే తక్కువ. పాత రోజుల్లో హద్దులు ఇప్పటికన్నా ఎక్కువ ఉండేవి, అవి దాటడం ఇప్పటికన్నా కష్టం కూడా.

నగర రక్షణ కొత్వాలు చేతిలో ఉండటం మొగలుల పద్ధతి, ఆసఫ్‌జాహీలు దాన్నే కొనసాగించారు. కొత్వాలు పని నేరాలతో ముగిసేది కాదు. రాత్రి గస్తీ, బజార్లలో తూనికలు కొలతలు, ఊళ్లోకి కొత్తగా వచ్చినవారి సమాచారం, ఊరేగింపుల బందోబస్తు అన్నీ ఆయన బాధ్యతలే. నగర పోలీసు శాఖ తన ఆరంభాన్ని 1847 నుంచి లెక్కించుకుంటుంది. అయితే ఆ రోజుల్లో కొత్వాలుకు పెద్ద తలనొప్పి దొంగలు కాదు, నగరంలో ఆయుధాలతో తిరిగే అరబ్బు, రోహిల్లా సిపాయిలు. అరబ్బు జమేదార్లు ప్రభువర్గానికి అప్పులిచ్చేవారు, బాకీ తీరకపోతే ఎవరి అనుమతీ లేకుండా తామే మనుషులను నిర్బంధించేవారు. ప్రభుత్వం దగ్గర లేని బలం వారి దగ్గర ఉండేది. 1853లో దివాన్ పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగ్ ఈ ప్రైవేటు నిర్బంధాలను అరికట్టడానికి చాలా కాలం శ్రమించవలసి వచ్చింది. జీతం తీసుకొని ప్రభుత్వానికి మాత్రమే జవాబుదారీగా ఉండే పోలీసు ఇక్కడ ఏర్పడటం ఆ శ్రమతోనే మొదలైందని నేను అనుకుంటాను.

1865లో జిలాబందీ జరిగి జిల్లాలు ఏర్పడ్డాక పోలీసు పని రెవెన్యూ నుంచి వేరుపడింది, అక్కడే మొదటి చీలిక వచ్చింది. నగరానికి బల్దా కొత్వాలీ, జిల్లాలకు అజ్లా కొత్వాలీ అని రెండు వేర్వేరు వ్యవస్థలు నిలిచాయి. జిల్లా పోలీసు నాజిమ్ అనే పై అధికారి కింద, జిల్లాకొక మొహ్‌తమీమ్, అంటే జిల్లా పోలీసు అధికారి, చొప్పున నడిచేది. నగర కొత్వాలు ఆ వరుసలో లేడు. ఆయన పరపతి నిజాం ప్రభువుకు నేరుగా చేరువగా ఉండటం వల్ల వచ్చినది.

ఇవి రెండే అయితే ఇంత చెప్పవలసిన పని లేదు. మూసీకి ఉత్తరాన, ఇప్పటి కోఠీ, సుల్తాన్‌బజారు ప్రాంతంలో ఉన్న రెసిడెన్సీ బజార్లు బ్రిటిష్ రెసిడెంటు అధికారంలో ఉండేవి. హుసేన్‌సాగర్ అవతల 1806లో వెలసిన సికింద్రాబాదు కంటోన్మెంటు కూడా బ్రిటిష్ వారిదే. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఎ-ఖాస్ కిందికి వచ్చేది. పాయెగాలకు, అంటే నిజాముకు చేరువైన ప్రభు కుటుంబాల ఎస్టేట్లకు, పెద్ద జాగీర్దార్లకు తమ తమ ఇలాకాల్లో సొంత పోలీసు, సొంత న్యాయస్థానాలు ఉండేవి. ఈ లెక్కన చాదర్‌ఘాట్ నుంచి కోఠీకి నడిచి వెళ్లినవాడు ఒక ప్రభుత్వ పోలీసు నుంచి మరో ప్రభుత్వ పోలీసు అధీనంలోకి వెళ్లినట్టే.

ఈ హద్దు తెలుగువారి ప్రజాజీవితానికి ఒక విధంగా మేలు చేసిందని కూడా చెప్పాలి. నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి, ముందస్తు అనుమతి లేకుండా సభలు జరపకూడదన్నది. ఆ అనుమతి కోసం తిరగడమంటే పోలీసు చుట్టూ తిరగడమే. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో రెసిడెన్సీ ప్రాంతంలోనే పుట్టింది. 1921లో ఆంధ్ర జన సంఘానికి దారితీసిన సభ జరిగిన వివేకవర్ధని ప్రాంగణం కూడా ఆ చుట్టుపక్కలదే. ఇదంతా పోలీసు హద్దుల వల్లనే జరిగిందని నేను అనను, కాని ఆ ప్రాంతంలో కొంచెం ఊపిరి సలిపేదన్నది మాత్రం ఆ తరం వారందరికీ తెలిసిన సంగతి.

మీ పెద్దలు చెప్పిన కొత్వాలు బహుశా రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి గారై ఉంటారు. వనపర్తి సంస్థానం ప్రాంతంలో 1869లో పుట్టి, అమీన్‌గా ఉద్యోగం మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎదిగి 1920లో నగర కొత్వాలు అయ్యారు. నిజాం పాలనలో ఆ పదవికి వచ్చిన మొదటి హిందువు ఆయనే. 1934 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1922లో వేల్సు యువరాజు నగరానికి వచ్చినప్పుడు బందోబస్తు ఆయన చేతి మీదుగానే నడిచింది. 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకు పూనుకున్నవారు కూడా ఆయనే, ఆ వసతి గృహంలో చదువుకున్న కుర్రవాళ్లలో పలువురు తరువాత అదే ప్రభుత్వాన్ని ఎదిరించిన ఉద్యమాల్లో పాల్గొన్నారు. హిమాయత్‌సాగర్ సమీపంలోని రాష్ట్ర పోలీసు అకాడమీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది. కాని ఇంతటి కొత్వాలుకు కూడా తన పదవీకాలం దాదాపు చివరి దాకా సుల్తాన్‌బజారు మీద అధికారం లేదని మీ శ్రోతలకు తప్పక చెప్పండి. రెసిడెన్సీ బజార్లు నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చినది 1933లో. సికింద్రాబాదు పట్టణం 1945లో వచ్చింది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిశాక, 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ విలీనం, జాగీర్ల రద్దు జరిగాయి. అప్పటికి గాని నగరం, దాని పరిసరాలు ఒకే ప్రభుత్వ పోలీసు కిందికి రాలేదు.

సమాధానం: విశ్రాంత ఉద్యోగి, పేట్లబురుజు

పై సభ్యులు రాసిన చరిత్ర చాలా బాగుంది. నేను పోలీసు కార్యాలయంలో మినిస్టీరియల్ సిబ్బందిలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫైళ్లు చూసినవాణ్ణి గాని లాఠీ పట్టినవాణ్ణి కాదు. వ్యవస్థ ఎలా నడుస్తుందన్నది మాత్రం చెప్పగలను.

ముందు హద్దుల సంగతి. నగర పోలీసు కమిషనరేటు పరిధి దాదాపుగా హైదరాబాదు జిల్లాకు సమానంగా ఉంటూ వచ్చింది. జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పటి నుంచి నగరం చుట్టూ ఉన్న మాదాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్ వంటివన్నీ రంగారెడ్డి ఎస్పీ కింద ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి కూడా మాదాపూర్ పోలీసు లెక్కల్లో జిల్లా ప్రాంతమే. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి, ఠాణాలు మాత్రం పల్లెల లెక్కన మంజూరైన సిబ్బందితోనే చాలాకాలం నెట్టుకొచ్చాయి. 2003లో సైబరాబాద్ కమిషనరేటు ఏర్పడింది. పేరు చూసి అది ఐటీ ప్రాంతానికి మాత్రమే అని చాలామంది అనుకుంటారు గాని, అప్పుడది పాత నగరపు హద్దుల చుట్టూ వలయంలా ఉండేది, మీ నాచారం కూడా అందులోనిదే. 2016లో ఆ వలయాన్ని పడమర, తూర్పు భాగాలుగా విడదీశారు. పడమటి భాగానికి సైబరాబాద్ పేరు మిగిలింది, తూర్పు భాగానికి రాచకొండ అని పేరు పెట్టారు. రాచకొండ యాదాద్రి భువనగిరి జిల్లాను కూడా కలుపుకొని ఐదు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. నగర కమిషనరేటుకు అది ఇరవై రెట్లకు పైమాటే. ఒకవైపు ఉప్పల్ మెట్రో స్టేషన్, మరొకవైపు పత్తి చేలు, రెండూ ఒకే కమిషనర్ బాధ్యతగా ఉండేవి. అంత తేడా ఉన్న ప్రాంతాలను ఒకే పద్ధతిలో నడపడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఆ తరువాత కూడా హద్దులు, పేర్లు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతూ వస్తున్నాయి కనుక, మీరు ప్రసంగించే రోజుకు అమలులో ఉన్న ఉత్తర్వు చూసుకొని చెప్పడం మంచిది.

మధ్యలో 2007లో పన్నెండు మున్సిపాలిటీలను, కొన్ని గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేశారు. అప్పుడు దాని విస్తీర్ణం ఆరు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నగరపాలక సంస్థ అలా బయటకు విస్తరించింది, నగర పోలీసు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. తార్నాక దగ్గర మీరు గమనించిన తేడాకు కారణం ఇదే.

ఇక అధికార శ్రేణి. కమిషనర్లందరూ రాష్ట్ర డీజీపీకి లోబడినవారు, ఒకరికొకరు లోబడినవారు కారు. హైదరాబాదు కమిషనర్‌గా సాధారణంగా సీనియర్ అధికారిని వేస్తారు కాబట్టి మిగతావారికి ఆయన పై అధికారి అన్న భావన జనంలో ఉంది, అది సరికాదు. కమిషనర్ కింద శాంతిభద్రతలు, నేరాలు, ట్రాఫిక్ వంటి విభాగాలకు అదనపు లేదా సంయుక్త కమిషనర్లు ఉంటారు. జోన్‌కు డీసీపీ, ఆయన ఎస్పీ హోదా అధికారి. డివిజన్‌కు ఏసీపీ, ఆయన డీఎస్పీ హోదా. ఠాణాకు ఇన్‌స్పెక్టరే ఎస్‌హెచ్‌ఓ, అంటే ఠాణా అధిపతి. ఆయన పక్కన దర్యాప్తులు చూసే డీఐ (డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్) ఉంటారు, ప్రాంతాన్ని సెక్టార్లుగా విడదీసి ఒక్కో సెక్టారును ఒక్కో ఎస్‌ఐకి అప్పగిస్తారు. జిల్లాల్లో చాలా ఠాణాలకు ఎస్‌ఐ అధిపతి అయితే, నగరంలో ఇన్‌స్పెక్టర్ అధిపతి కావడం అలవాటైన తేడా.

నగరం మొన్నమొన్నటి దాకా సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు జోన్లుగా ఉండేది. 2023లో సౌత్ ఈస్ట్, సౌత్ వెస్ట్ చేర్చి ఏడు చేశారు. దోమల్‌గూడ, మాసాబ్‌ట్యాంక్, ఫిల్మ్‌నగర్, బోరబండ, టోలిచౌకి వంటి కొత్త ఠాణాలు అప్పుడే వచ్చాయి. కొత్త ఠాణా అంటే బోర్డు మార్చినంత తేలిక కాదు. పాత ఠాణా రికార్డులను వీధుల వారీగా విడదీయాలి, పెండింగు కేసుల్లో ఏది ఎవరికి వెళ్లాలో తేల్చాలి, రౌడీషీట్లు బదిలీ చేయాలి. ఆ పని పూర్తయ్యే దాకా ఫిర్యాదుదారులు రెండు ఠాణాల మధ్య తిరగక తప్పదు.

మీరు అడిగిన ప్రత్యేక విభాగాల్లో టాస్క్‌ఫోర్స్ నేరుగా కమిషనర్ అధీనంలోనిది. అది దాడి చేస్తుంది, పట్టుకుంటుంది, ఆపై నిందితులను సంబంధిత ఠాణాకు అప్పగిస్తుంది. కేసు నమోదు, దర్యాప్తు ఆ ఠాణా పని. సీసీఎస్, అంటే సెంట్రల్ క్రైమ్ స్టేషన్, అలా కాదు, అది తానే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసే డిటెక్టివ్ విభాగం, పెద్ద మోసాలు అక్కడికి వెళతాయి. స్పెషల్ బ్రాంచి పని సమాచార సేకరణ, సామాన్యులకు అది కనిపించేది పాస్‌పోర్టు విచారణ అప్పుడే. పేట్లబురుజులో ప్రధాన కార్యాలయమున్న సిటీ ఆర్మ్‌డ్ రిజర్వు బందోబస్తుకు, గోషామహల్‌లో ఉన్న గుర్రపు దళం జనసందోహం ఉన్నచోట్లకు వెళతాయి. మహిళల భద్రత కోసం 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ నగరంలోనే పుట్టి తరువాత రాష్ట్రమంతటికీ వెళ్లాయి. ట్రాఫిక్‌కు ప్రత్యేకంగా ఠాణాలు, డీసీపీలు ఉన్నారు, దాని గురించి రాయడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

అన్నిటికన్నా ఈ వ్యవస్థ అసలు సత్తా తెలిసేది గణేశ్ నిమజ్జనం నాడు. బాలాపూర్ నుంచి హుసేన్‌సాగర్ దాకా సాగే ఊరేగింపు చాలా ఏళ్లు రెండు కమిషనరేట్ల గుండా వచ్చేది. మొహర్రం పదో రోజున బీబీకా ఆలం డబీర్‌పురా నుంచి బయలుదేరి పాతబస్తీ వీధుల గుండా నడుస్తుంది. బోనాలకు గోల్కొండ, సికింద్రాబాదు, లాల్‌దర్వాజ వరుసగా ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఈ మూడింటికి బందోబస్తు పథకం తయారుచేసిన అధికారికి నగరంలో ప్రతి గల్లీ తెలిసిపోతుందని మా కార్యాలయంలో అనుకునేవాళ్లం.

సమాధానం: న్యాయవాది, నాంపల్లి

ఎస్పీకి, కమిషనర్‌కు తేడా పేరులో మాత్రమే ఉందా అన్న ప్రశ్నకు పై రెండు సమాధానాల్లో జవాబు రాలేదు కనుక రాస్తున్నాను. జిల్లాలో నిషేధాజ్ఞలు జారీ చేయడం, శాంతికి భంగం కలిగిస్తారనుకున్నవారి చేత పూచీకత్తు రాయించుకోవడం వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అధికారాలు కలెక్టరు, ఆర్డీఓ, తహసీల్దారుల దగ్గర ఉంటాయి. ఎస్పీ వారిని కోరాలి. కమిషనరేటులో ఆ అధికారాలను ప్రభుత్వం కమిషనర్‌కే ఇస్తుంది. అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకరే అవుతారు. అత్యవసరంలో ఇది వేగానికి ఉపయోగపడుతుంది, అయితే పోలీసు నిర్ణయాన్ని పోలీసు కాని మరొకరు తూచి చూసే అవకాశం అంతమేరకు తగ్గుతుంది. ఈ రెండో మాటను కమిషనరేటు ఏర్పాటు ప్రకటనల్లో ఎవరూ చెప్పరు.

నగరంలో ఈ అధికారాలకు ఆధారమైన చట్టం నిజాం కాలం నాటిదే. హైదరాబాదు సిటీ పోలీసు చట్టం నిజాం కాలపు ఫస్లీ లెక్కలో 1348, అంటే 1938-39 ప్రాంతానిది. జిల్లాల చట్టం అంతకుముందటి 1329 ఫస్లీది. దర్వాజాల చరిత్ర గారు చెప్పిన బల్దా, అజ్లా విభజన చట్టంలో కూడా అలాగే నిలిచిపోయింది. రాజ్యం మారింది, రాష్ట్రం రెండుసార్లు మారింది, న్యాయస్థానంలో పెట్టీ కేసు పిలిచినప్పుడు ఇప్పటికీ ఆ చట్టమే వినిపిస్తుంది. సైబరాబాద్ కోసం 2004లో విడిగా ఒక చట్టం చేయవలసి వచ్చింది, ఎందుకంటే పాత సిటీ చట్టం ఆ ప్రాంతానికి వర్తించదు.

ఈ పాత చట్టం ఒకసారి రాష్ట్ర రాజకీయాలను కుదిపేసింది, మీ ప్రసంగంలో దీనికి చోటివ్వండి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికులకు ఉద్యోగాల్లో రిజర్వేషను కల్పిస్తూ, కొన్ని పోస్టులను మినహాయించింది. ఆ మినహాయింపుల్లో 14(ఎఫ్) అనే ఉపపేరా, హైదరాబాదు సిటీ పోలీసు చట్టం నిర్వచించిన పోలీసు అధికారి పోస్టులను స్థానిక రిజర్వేషను నుంచి తప్పించింది. అంటే నగరం భౌగోళికంగా ఉద్యోగ నియామకాల ఆరో జోన్‌లో ఉన్నా, నగర పోలీసు ఉద్యోగాలకు రాష్ట్రంలో ఎవరైనా సమానంగా పోటీపడవచ్చు. చాలా ఏళ్లు ఇది ఉద్యోగుల వ్యాజ్యంగానే నడిచింది. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుతో హైదరాబాదు ఫ్రీజోన్, అంటే స్థానిక రిజర్వేషను వర్తించని ప్రాంతం, అన్న మాట ఊరూరా పాకింది. తెలంగాణ విద్యార్థులు, ఉద్యోగులు వీధుల్లోకి వచ్చారు. 2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు గారు తలపెట్టిన నిరాహార దీక్ష ఈ వేడిలోనే మొదలైంది. 2010 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది, ఆగస్టులో 14(ఎఫ్) తొలగిపోయింది. కానిస్టేబుల్, ఎస్‌ఐ ఉద్యోగాలు ఎవరికి దక్కాలన్న తగవు రాష్ట్ర ఏర్పాటు ఉద్యమానికి ఇంత నిప్పు రాజేస్తుందని, ఫస్లీ సంవత్సరాల్లో ఆ చట్టం రాసినవారు ఊహించి ఉండరు.

మరొకటి. 2014 పునర్విభజన చట్టంలోని 8వ సెక్షన్ ఉమ్మడి రాజధాని ప్రాంతంలో ప్రజల ప్రాణ, ఆస్తి రక్షణకు సంబంధించి గవర్నరుకు ప్రత్యేక బాధ్యత అప్పగించింది. ఆ ప్రాంతాన్ని జీహెచ్‌ఎంసీ హద్దులతో నిర్వచించారు కాబట్టి అది నగర కమిషనరేటును దాటి చుట్టూ ఉన్న కమిషనరేటులోకి కూడా వెళ్లింది. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగిసింది.

నాచారం పాఠకుడు

ముగ్గురికీ ధన్యవాదాలు. ప్రసంగానికి సరిపోయినంత సరుకు దొరికింది. అయితే మీ సమాధానాలు చదివాక మరో సందేహం వచ్చింది, శ్రోతలు కూడా తప్పక అడుగుతారు. ఇన్ని ఇబ్బందులున్నప్పుడు జీహెచ్‌ఎంసీ పరిధికంతటికీ ఒకే కమిషనర్‌ను పెట్టవచ్చు కదా?

సమాధానం: మోతీనగర్ వాసి

పెట్టాలనే నేను అంటాను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. రెండు చోట్ల మధ్య దూరం వంద గజాలో, మరి కాస్తో. అయినా ఒకటి నగర కమిషనరేటులోని మలక్‌పేట ఠాణాలో, మరొకటి సైబరాబాద్‌లోని సరూర్‌నగర్ ఠాణాలో కేసులుగా నమోదయ్యాయి. ఒకే కుట్ర, ఒకే సాయంత్రం, ఒకే రోడ్డు, కేసులు మాత్రం ఇద్దరు కమిషనర్లవి. తరువాత ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) రెండింటినీ తీసుకున్నది కాబట్టి సరిపోయింది. ప్రతి కేసుకూ ఎన్‌ఐఏ రాదు కదా. గొలుసు దొంగకు కమిషనరేటు హద్దు ఎక్కడుందో మనకన్నా బాగా తెలుసు.

సమాధానం: విశ్రాంత ఉద్యోగి, పేట్లబురుజు

మోతీనగర్ వాసి గారి బాధ న్యాయమైనదే, కాని మందు అది కాదని నా అభిప్రాయం. ఇంత జనాభాకు ఒకే కమిషనర్ ఉంటే ఆయన దగ్గరకు ఫైలే చేరదు, మనిషి ఎలా చేరతాడు? చెన్నై కూడా ఒకే కమిషనరేటుతో నడపలేక 2022లో తాంబరం, ఆవడి కమిషనరేట్లను విడదీసింది. హద్దులు ఎక్కడ గీసినా అవతల వీధి అంటూ ఒకటి ఉంటుంది. హద్దు దాటి సమాచారం వెళ్లే ఏర్పాటు ఉన్నదా లేదా అన్నది చూడాలి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటరు ఉద్దేశం అదే, ఏ కమిషనరేటు కెమెరా చూపించే దృశ్యమైనా అక్కడ ఒకేచోట చూడవచ్చు. నగర కమిషనర్ కార్యాలయం కూడా బషీర్‌బాగ్ నుంచి అక్కడికే మారింది. బషీర్‌బాగ్‌కు ముందటి కార్యాలయం పురానీ హవేలీ దగ్గర ఉండేది, ఆ పాత భవనాన్ని బాగుచేశారు కూడా. మీ గ్రంథాలయం వారు ఒక ఆదివారం చూసి రావచ్చు.

సమాధానం: న్యాయవాది, నాంపల్లి

విశ్రాంత ఉద్యోగి గారితో ఏకీభవిస్తూ ఒక్క విషయం చేరుస్తాను. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరంలో, ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదు చేయబోతే ఇది మా హద్దు కాదంటూ ఠాణాల మధ్య తిప్పారని ఆరోపణ వచ్చింది. ఆలస్యానికి బాధ్యులుగా ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. గమనించండి, ఆ రెండు ఠాణాలూ ఒకే కమిషనరేటులోనివి. కమిషనరేట్లను కలిపినంత మాత్రాన ఈ జబ్బు పోదు, అది ఠాణా గడపలో ఉన్నది.

చట్టం దీనికి ఇప్పుడు స్పష్టంగా దారి చూపింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. వారు దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి సంబంధిత ఠాణాకు పంపాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఫిర్యాదు పంపవచ్చు, అప్పుడు మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. నమోదు చేయడానికి నిరాకరిస్తే ఫిర్యాదును రాతపూర్వకంగా డీసీపీకి పంపండి, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. పంపిన తపాలా రసీదు గాని, ఈమెయిల్ ప్రతి గాని దగ్గర పెట్టుకోవాలి. మీ శ్రోతల్లో తార్నాక వైపు ఉన్నవారికీ నాచారం వైపు ఉన్నవారికీ పద్ధతి ఒక్కటే.